పిడికెడు బియ్యం, దోర్నకల్ బిషప్పు

బిషప్ అజరయ్య గారి గురించి ఎక్కడ చదివినా ముందు వచ్చే మాట ఒకటే: ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండ్ చర్చికి చెందిన సంఘంలో, బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు. దాని వెనకే 1910లో ఎడిన్‌బరోలో చేసిన ప్రసంగం, 1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో అభిషేకం. అక్కణ్ణించి గబగబా 1945కి వెళ్లిపోతారు, ఆయన చనిపోతారు. మధ్యలో దోర్నకల్‌లో గడిచిన ముప్పై రెండేళ్లను, గ్రామాల్లో విస్తృతంగా సేవ చేశారని ఒక్క వాక్యంలో మూట కట్టి పక్కన పెడతారు. లండన్‌లో కూర్చుని రాసేవాళ్లు అలా రాస్తే అర్థముంది. వరంగల్ వాళ్లం మనం కూడా అలాగే చెప్పుకుంటే ఎలా?

నేను చెప్పదలుచుకున్నది సూటిగా చెప్తా. ఊరి చివర గుడిసెల్లో ఉంటూ, దొర పొలంలో పని చేసి, ఎవరో ఒకరు పెడితే తినేవాళ్లని ఊరంతా అనుకునే మాల, మాదిగ కుటుంబాల చేత సంఘానికి ఇప్పించడం అజరయ్య గారు చేసిన అన్ని పనుల్లోకీ పెద్దది. సంఘం మీది, అయ్యగారి (పాస్టరు గారి) పోషణ మీది, పక్క ఊరికి కబురు మోయాల్సిందీ మీరే అని ఆయన పట్టుబట్టారు. పేదవాడి నెత్తిన ఇంకో బరువు పెట్టడం గౌరవం ఎట్లా అవుతుందని ఎవరైనా అడుగుతారు. అడగాలి కూడా. నేనూ చాలాకాలం అదే అడిగాను.

మా అమ్మమ్మ వాళ్లది గార్ల దగ్గర పల్లె. పొయ్యి మీద ఎసరు పెట్టాక, కడగడానికి తీసిన బియ్యంలోంచి ఒక పిడికెడు పక్కన డాల్డా డబ్బాలో వేసేది. ఇంట్లో బియ్యం నిండుగా ఉన్న రోజూ వేసేది, ఆ పూటకు చాలనంత ఉన్న రోజూ వేసేది. శనివారం రాత్రికి డబ్బా నిండేది, ఆదివారం గుడికి పోయేది. మా వైపు సంఘాల్లో ఈ అలవాటు ఎరగని ఇల్లు ఉండదు. అదే ఇంటి పిల్లలం బళ్లో వినే మాట ఇంకోటి: బియ్యం కోసం మతం మారినోళ్లు. ఇప్పుడు అదే మాట వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయి వస్తుంది. బియ్యం ఇటు నుంచి అటు పోవడం కళ్లారా చూసినవాళ్లకు ఆ మాట కోపం కన్నా ముందు ఆశ్చర్యం తెప్పిస్తుంది. మిషన్ వాళ్లు కరువు రోజుల్లో తిండి పెట్టలేదని కాదు. పెట్టారు. మెదక్‌లో పోస్నెట్ దొరగారు కరువులో జనానికి పని చూపించి, ఆ పనికి అన్నం పెట్టి కట్టించిన కెథడ్రల్ మన కళ్ల ముందే ఉంది, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించారు. అది గొప్ప పనే. కానీ ఒక జాతి మొత్తం చరిత్రను పెట్టినవాళ్ల వైపు నుంచే చెప్తే, తిన్నవాళ్లు ఎప్పటికీ తిన్నవాళ్లుగానే మిగిలిపోతారు.

అజరయ్య గారిది మన ప్రాంతం కాదు. 1874 ఆగస్టు 17న తమిళదేశంలో, తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విలై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊళ్లోనే పాస్టరు. కొడుకు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, 1895 నుంచి క్రైస్తవ యువకుల సంఘమైన వైఎంసీఏ కార్యదర్శిగా దేశమంతా తిరిగారు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులతో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు. 1905 క్రిస్మస్ రోజున బెంగాల్‌లోని సీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టింది, దాంట్లోనూ ఆయన చెయ్యుంది. భారతీయ మనుషులు, భారతీయ డబ్బు, భారతీయ నిర్వహణ అన్నది వాళ్ల నినాదం. దోర్నకల్‌కు మొదట వచ్చింది ఆ తిరునెల్వేలి సొసైటీ పంపిన తమిళ మిషనరీయే. అంటే తాటిచెట్లెక్కి బతికే ఇళ్లున్న ప్రాంతం నుంచి కూడబెట్టిన చందాలతో నైజాం ఇలాకాలోని ఒక రైల్వే జంక్షన్‌కు మనిషిని పంపారు. తర్వాతి కాలంలో ఇంగ్లండ్ డబ్బు కూడా వచ్చింది, దాచాల్సిన పనేం లేదు. మొదటి పైసా మాత్రం ఇక్కడిదే.

దోర్నకలే ఎందుకంటే రైలు. బెజవాడ లైను, దాంట్లోంచి ఇల్లందు బొగ్గు వైపు చీలే లైను. చుట్టూ అడవి, చిన్న చిన్న పల్లెలు, దొరల గడీలు. వైఎంసీఏలో పేరు, పరిచయాలు, పెద్ద పెద్ద సభలు అన్నీ వదులుకుని 1909లో గురువుగా అభిషేకం పొంది ఇక్కడికి వచ్చారు. భాష రాని మిషనరీగా వచ్చారు. మద్రాసులో ఇంగ్లీషులో గంటలు గంటలు మాట్లాడగలిగిన మనిషి, ముప్పై దాటాక ఇక్కడి జనం దగ్గర తెలుగు నేర్చుకున్నారు.

మరుసటి ఏడే ఎడిన్‌బరో. ప్రపంచ మిషనరీ సభ. అప్పటికి ఆయనకు ముప్పై ఐదు. విదేశీ మిషనరీలకూ దేశీయ పనివాళ్లకూ మధ్య స్నేహం లేదని, పెద్దా చిన్నా తేడాయే ఉందని మొహం మీదే చెప్పారు. సభలో కొందరికి గట్టిగానే తగిలింది. చివరి మాటలు అందరూ ఉదహరిస్తారు: పేదలను పోషించడానికి మీ ఆస్తి ఇచ్చారు, కాల్చబడడానికి మీ శరీరాలు ఇచ్చారు, మేం ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి. బైబిలు తెలిసినవాళ్లకు ఇందులో దాచిన సూది కనిపిస్తుంది. ఇది మొదటి కొరింథీ పత్రిక పదమూడో అధ్యాయం. ఆస్తంతా ఇచ్చినా, శరీరాన్ని కాల్చడానికి అప్పగించినా, ప్రేమ లేకపోతే నాకు ప్రయోజనమేమీ లేదని పౌలు అంటాడు. పొగుడుతున్నట్టే ఉంటుంది, కానీ ఆ వచనంలో మిగతా సగం విన్నవాళ్లు తమంతట తాము పూర్తి చేసుకోవాలి. ఆ హాల్లో వచనం తెలియనివాడు ఒక్కడూ ఉండడు.

ఇంతవరకు అందరికీ తెలిసిందే. ఆ ప్రసంగం తెల్లవాళ్లతో మాట్లాడింది. ఆ తర్వాత మూడు దశాబ్దాలు ఆయన మాట్లాడింది వాళ్లతో కాదు. మన పల్లెల్లో ఆయన చెప్పింది దాదాపు దానికి తిరుగు మాట: ఇమ్మని అడగకండి, మీరే ఇవ్వండి.

బిషప్ కావడం కూడా సాఫీగా జరగలేదు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టారు కాబట్టి అయింది. ఒక భారతీయుడి చేతి కింద తెల్ల మిషనరీలు పనిచేయాల్సి వస్తుందేమోనని చాలామందికి టెన్షన్. అందుకే మొదట దోర్నకల్ డయాసిస్, అంటే బిషప్ చూసుకునే ప్రాంతం, చాలా చిన్నది. తర్వాత 1920 ప్రాంతంలో కృష్ణా వైపు ఉన్న మిషన్ ప్రాంతాలు కూడా కలిసి పెద్దదయింది, అప్పుడు తెల్లవాళ్లూ ఆయన కిందికి వచ్చారు. 1940ల మొదటికి డయాసిస్‌లో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. ఇంతమందికి విదేశాల నుంచి పాస్టర్లను ఎవరు తెస్తారు? తెచ్చినా ఎవరు పోషిస్తారు? దోర్నకల్‌లోనే దైవశాస్త్ర బడి పెట్టి పల్లె కుర్రాళ్లను పాస్టర్లుగా, పంతుళ్లుగా తయారు చేశారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత వాళ్ల చేతులు వాళ్ల తల మీదే పెట్టించి ఒక మాట అనిపించేవారు: నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ (కీడు). ఇదీ పౌలు మాటే. ఎవరో పెద్దమనిషి వచ్చి తల మీద చెయ్యి పెట్టడం వేరు. తన చెయ్యి తన తల మీదే పెట్టుకుని, అప్పటిదాకా ఊళ్లో ఏ పంచాయితీలోనూ నోరెత్తని మనిషి, నేను ఈ పని చేయాలి అనడం వేరు.

ఆయన రాసిన పుస్తకాల సంగతికి వస్తే, సాహిత్యం కోసం వెతికేవాళ్లకు నిరాశే. బాప్తిస్మం మీద ఒకటి, వివాహం మీద ఒకటి, ఇట్లా చిన్న చిన్న పుస్తకాలు. 1930లో వైట్‌హెడ్‌తో కలిసి భారతీయ గ్రామాల్లో క్రీస్తు గురించి ఒక పుస్తకం రాశారు. అన్నిట్లోకీ ఎక్కువ దూరం పోయింది ‘క్రిస్టియన్ గివింగ్’. చాలా భాషల్లోకి వెళ్లింది. పేరు చూస్తే చందాల కరపత్రంలా ఉంటుంది. అది ఏ దేశంలో, ఎవరి మధ్య బతికిన బిషప్ రాశాడో గుర్తుంచుకుని చదివితే వేరేగా కనిపిస్తుంది. ధనవంతుల సంఘంలో దానం గురించి రాయడానికి ధైర్యం అక్కర్లేదు. ఏడాదిలో కొన్ని నెలలు గంజి తాగి గడిపే మనుషుల బిషప్ దానం గురించి పుస్తకం రాస్తే, వాళ్ల దగ్గర ఇవ్వదగ్గది ఉందని నమ్మితేనే రాస్తాడు. మాసిదోనియ సంఘాలు కటిక పేదరికంలో ఉండి కూడా ధారాళంగా ఇచ్చాయని పౌలు రాసినప్పుడు, దాన్ని దోర్నకల్ చుట్టుపక్కల పల్లెల్లో చదివితే కథలా వినిపించదు, పక్కింటి సంగతిలా వినిపిస్తుంది.

కోత పండుగ చూసినవాళ్లకు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. గుడి ముందు వడ్ల బస్తాలు, మక్క కంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. ఆరాధన అయ్యాక వేలంపాట. యాభై రూపాయల సొరకాయ ఐదొందలకు పోతుంది. తెచ్చినామెకు మొహంలో వెలుగు, పాడినవాడికి జేబులో చిల్లు, పక్కన వాళ్ల ఆవిడ చూపులు. సొంత పొలం లేనివాళ్లు పెరట్లో కాసిందో, కూలికి వచ్చిందో తెస్తారు. ఊరి దొర కల్లంలో గింజలు ఏరుకోవడానికి చెయ్యి చాచిన మనుషులు, వాళ్ల మనవలు, ఇక్కడ బల్ల మీద పెట్టి, పేరు చదివించుకుని ఇస్తారు.

ఇక గాంధీగారి సంగతి. 1936లో, అంబేడ్కర్ యేవలాలో తాను హిందువుగా చావనని ప్రకటించిన మరుసటి ఏడాది, మతమార్పిడి గొడవ దేశమంతా వేడిగా ఉంది. అజరయ్య గారికి పాత స్నేహితుడైన అమెరికన్ వైఎంసీఏ నాయకుడు జాన్ మాట్ వెళ్లి గాంధీగారిని కలిశారు. ఆ సంభాషణలో గాంధీగారు, మీరు ఆవుకు సువార్త చెబుతారా అని అడిగారు. అంటరానివాళ్లలో కొందరికి మతాల మంచిచెడ్డలు పోల్చి చూసే తెలివి ఆవుకు ఉన్నంత కూడా లేదన్నది ఆయన వాదన. ఆ మాట ‘హరిజన్’ పత్రికలో అచ్చయింది. మిషనరీలు ఆశ చూపి గుంపులు గుంపులుగా జనాన్ని కలుపుకుంటున్నారన్న ఆయన కోపంలో కొంత నిజముంది, ఆ రోజుల్లో కొన్ని చోట్ల లెక్కల పిచ్చి ఉండేది. కానీ ఆ పోలిక పోలికే. ఎంత గొప్పవాడు అన్నా అది సర్దుకునే మాట కాదు. మా అమ్మమ్మకు మతాల తులనాత్మక అధ్యయనం రాదు. పిడికెడు ఎందుకు పక్కన పెడుతుందో మాత్రం ఆమెకు తెలుసు. అది ఎవరికి పోతుందో, పోకపోతే ఎవరింట్లో పొయ్యి ఆరుతుందో కూడా తెలుసు. తెలివి అంటే ఇంకేం కావాలి?

ఇన్ని చెప్పాక, ఆయనతో నాకున్న పేచీ కూడా చెప్పాలి. గడీ మీద తిరగబడిన నాయకుడు కాదు అజరయ్య గారు. పల్లెల్లో మురికి, రోగం, అప్పు, తాగుడు మీద ఆయన గట్టిగా పోరాడారు. వెట్టి చాకిరి ఒక మనిషిని తాగుడు వైపు ఎట్లా తోస్తుందో అంత గట్టిగా మాట్లాడారా అన్నది నా అనుమానం. క్రమశిక్షణ ఆయనకు ఎక్కువ ఇష్టం. ఇంగ్లీషు సంఘం ఆచారాలను మన పల్లెల మీద బాగానే మోపారు.

ఇంకా బరువైన పేచీ ఒకటుంది. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని ఆయన నిలబడ్డారు. సంఘం ఒక రాజకీయ వర్గంగా మారితే దాని ప్రాణం పోతుందని ఆయన భయం. ఆ సీట్లు వచ్చినా అవి పట్నాల్లో చదువుకున్న కుటుంబాలకే పోయేవి, గార్ల కూలీకి దక్కేవి కావు. కాబట్టి అప్పటి లెక్కలో ఆయన తప్పని అనలేను. కానీ తర్వాత జరిగింది చూడండి. ఎస్సీలెవరో తేల్చిన 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాక క్రైస్తవుడైన దళితుడు కాగితం మీద ఎస్సీ కాడు. మన దగ్గర అతనికి దక్కేది బీసీ–సీ కోటా, ఒక్క శాతం. దాంతో ఒకే మనిషికి రెండు పేర్లు, బాప్తిస్మానికి ఒకటి, సర్టిఫికెట్‌కు ఒకటి. ఆదివారం గుడిలో నిలబడి సాక్ష్యం చెప్పే కుర్రాడు సోమవారం ఎమ్మార్వో ఆఫీసులో ఆ సంగతి ఎత్తడు. నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి అని తల మీద చెయ్యి పెట్టి చెప్పించిన బిషప్ ఈ దృశ్యం చూస్తే ఏమనేవారో! ఆ కుర్రాణ్ణి తప్పుపట్టేవాళ్లతో నేను కలవను. ఇచ్చిన మాటకు నిలబడాలంటే ఉద్యోగం వదులుకోవాలని ఏ దేశమూ తన పౌరుణ్ణి అడగకూడదు.

దోర్నకల్ కెథడ్రల్ గురించి ఒక మాట. క్రిస్మస్ సెలవులకు వరంగల్, కరీంనగర్ నుంచి బండ్లు కట్టుకుని మెదక్ పోతాం. దోర్నకల్‌ను మాత్రం ఖమ్మం పోతూ రైలు కిటికీలోంచి చూసి ఊరుకుంటాం. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన ఆ గుడికి మసీదు గుమ్మటాలు, మినార్లు ఉంటాయి, దక్షిణాది కోవెల మంటపంలా స్తంభాలుంటాయి. నైజాం రాజ్యంలో నిలబడి, తమిళుడు, తెలుగువాళ్ల కోసం కట్టిన గుడి అది, చూస్తేనే అర్థమవుతుంది. దానికి ఎపిఫనీ అని పేరు పెట్టారు. తూర్పు దేశపు జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం పట్టుకుని వచ్చిన పండుగ. తూర్పు వాళ్లు చేతులు చాచి రాలేదు, కానుకలతో వచ్చారు. ఆ పేరు ఆయన ఆలోచించకుండా పెట్టారని నేననుకోను.

ఆయన ఇంకో కల సంఘాలన్నీ ఒకటి కావడం. 1919లో తరంగంబాడిలో మొదలైన ఆ ప్రయత్నంలో మొదటి నుంచీ ఉన్నారు. మతం మారితే మమ్మల్ని ఏ సంఘంలో చేర్చుకుంటారు, మీరే ఇన్ని ముక్కలుగా ఉన్నారు కదా అని అంబేడ్కర్ అడిగారని, తన దగ్గర జవాబు లేకపోయిందని అజరయ్య గారు సిగ్గుపడుతూ చెప్పుకున్నారంటారు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్ను మూశారు. దక్షిణ ఇండియా సంఘం (సీఎస్సై) 1947 సెప్టెంబర్ 27న ఏర్పడింది. మేం బాప్టిస్టులం మాత్రం దాంట్లో చేరలేదు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1879లోనే హనుమకొండకు వచ్చింది. ముంచితేనే బాప్తిస్మం, చిలకరిస్తే కాదు. అమ్మమ్మ వాళ్లు సీఎస్సై, నాన్న వాళ్లు బాప్టిస్టు. మా అమ్మ పెళ్లప్పుడు ఆమెను మళ్లీ ముంచాలా వద్దా అని పెద్దలు రెండు రాత్రులు కూర్చున్నారట. మా చిన్నాయన ఇప్పటికీ ఆ చర్చ గుర్తొస్తే గొంతు పెంచుతాడు. ఇందులో కులం కూడా దూరిందని మాత్రం ఎవరూ పైకి చెప్పరు. గుడులు ఒకటైనా కాకపోయినా మాల, మాదిగ సంబంధం అంటే ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో మౌనమే.

ఇప్పుడు అసలు గొడవకు వస్తా. ఇవ్వడం గురించి ఈ రోజుల్లో మనం వింటున్నది అజరయ్య గారు చెప్పింది కాదు. వేదిక మీద ఎల్‌ఈడీ తెర, కింద క్యూఆర్ కోడ్, విత్తనం వేస్తే నూరంతలు పండుతుందని బోధ. అప్పు తీరుతుంది, వీసా వస్తుంది, బిడ్డ పెళ్లవుతుంది, ముందు నువ్వు ఇయ్యి. కూలి పైసల్లోంచి దశమభాగం గుంజే ఈ పద్ధతిని, పేదలను ఇచ్చేవాళ్లుగా చూసిన ఆ పద్ధతిని ఒకే గాటన కట్టేవాళ్లు ఉన్నారు. మొదట్లో నేనడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరికింది. పిడికెడు బియ్యం ఎవరు తిన్నారో ఊరందరికీ తెలుసు. అయ్యగారు తిన్నారు, లేదా పనికి పోలేక పడుకున్న ముసలామె తిన్నది. వేలంపాట పైసలు ఎంతయ్యాయో అక్కడికక్కడే లెక్కపెట్టి చదివేవారు. ఇచ్చినవాడికి అడిగే హక్కుంది. ఆ హక్కు తీసేస్తే మిగిలేది వసూలే.

అందుకే ఈ మధ్య మేం వెళ్లే సంఘంలో ఒక చీటీ రాసి ఇచ్చాను, ఇంకో నలుగురి సంతకాలతో. నెల నెలా కానుకలు ఎన్ని వచ్చాయి, దేనికి ఖర్చయ్యాయి, ఆరాధన అయ్యాక చదవండి, ఆడవాళ్లు పోగేసిన బియ్యం లెక్కతో సహా. ఒక పెద్దాయన బయట చెప్పుల దగ్గర ఆపి అడిగాడు, "ఏం బిడ్డా, అయ్యగారి మీద నమ్మకం లేదా?" నమ్మకం ఉంది కాబట్టే ఇస్తున్నాం మామా, ఇచ్చినం కాబట్టే అడుగుతున్నం అన్నా. ఆయన నవ్వలేదు. కమిటీలో పెడతామన్నారు. మూడో ఆదివారం మీటింగ్ ఉంది, మళ్లీ అడుగుతాం.